పాత చాకొలెట్టు తినదగునా?

చాకొలెట్టు మన పెద్దలు చేసి యెరిగిన తినుబండారము కాదు. అరిసె ఎన్నాళ్ళు నిలువయుండునో, సున్నుండ ఎప్పుడు ముక్కిపోవునో, ఆవకాయ జాడీలో తడి గరిటె పడినచో ఏమగునో చెప్పగలవారు మన యిండ్లలో నేటికిని ఉన్నారు. బళ్లారిలోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురపు నేతవారి పేటలలోనైనను, మన మాటలో ఇరుగుపొరుగు భాషల యాస ఎంత కలిసినను, ఈ వంటింటి జ్ఞానము మాత్రము అమ్మమ్మ నుండి మనుమరాలికి చెక్కుచెదరక వచ్చుచున్నది. చాకొలెట్టు విషయమున అట్టి వారసత్వము మనకు లేదు. అది దుకాణము నుండియో, విదేశము నుండి వచ్చిన అల్లుని పెట్టెలో నుండియో మన యింట చేరినది గాని, దానిని ఎట్లు దాచవలెనో, ఎప్పుడు పారవేయవలెనో చెప్పు అమ్మమ్మ దానివెంట రాలేదు.

అందువలన నేడు మన కుటుంబములలో ఒక చిన్న తగవు తరచుగా వినబడుచున్నది. కుమారుడో, కోడలో అమెరికా నుండి, జర్మనీ నుండి, దుబాయి నుండి తెచ్చిన చాకొలెట్లను ఇంటి పెద్దలు వెంటనే తినరు. పండుగకనియో, చుట్టములకనియో బీరువాలో భద్రపరతురు. వేసవి గడచును, వానలు గడచును. దసరాకు పెట్టె తెరచి చూడగా చాకొలెట్టు రంగు వెలిసి, పైన తెల్లని పొర కట్టియుండును. 'బూజు పట్టినది, పారవేయుడు' అని ఒకరందురు. 'అంత ఖరీదు పెట్టి తెచ్చినది, తుడిచి తినవచ్చును' అని మరియొకరందురు. ఇంకొకరు పొట్లముపై తేదీ చూచి, అది దాటి రెండు నెలలైనదని చెప్పి చేతిలోనిది క్రింద పెట్టుదురు. కట్టకడపట తినుటకు మనసొప్పక, పారవేయుటకు చేయి రాక, పనిమనిషి పిల్లలకిచ్చి పంపుట జరుగుచున్నది. ఈ నాలుగవ తీర్పును గూర్చి మేము చెప్పదలచినది కొంత గలదు. దానికి పూర్వము అసలు ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

మా అభిప్రాయము ఇది: పాతబడుట ఒక్కటే చాకొలెట్టును విషము చేయదు. అన్నము పాచిపోవుట, పాలు విరుగుట, పప్పు పులిసిపోవుట సూక్ష్మజీవుల పని. అవి పెరుగుటకు నీరు కావలెను. చక్కగా చేసిన చాకొలెట్టు పలకలో నీరు నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. తక్కినదంతయు కోకో, కోకో వెన్న, చక్కెర, కొన్నింట పాలపొడి. ఉన్న ఆ కొద్దిపాటి తేమను కూడ చక్కెర పట్టి యుంచుటచే సూక్ష్మజీవులు దానిపై వృద్ధిపొందజాలవు. కాచిన నెయ్యి, పొడిగానున్న బెల్లము నెలల తరబడి నిలుచుటలోని రహస్యమే ఇక్కడను పనిచేయుచున్నది. పైగా కోకో వెన్న ఇతర నూనెల వలె త్వరగా పాడగునది కాదు. కోకోలోని కొన్ని పదార్థములు దానిని మరికొంతకాలము కాపాడును. ఈ సందర్భమున ఒక మాట. మన యిండ్లలో పిప్పరమెంటు బిళ్ళను, టాఫీని, చాకొలెట్టును ఒకే పేర పిలుచుట వాడుక. మేము చెప్పుచున్నది కోకో గింజలతో చేసిన అసలు చాకొలెట్టును గూర్చి మాత్రమే.

ఎంత పాతదైనను పదార్థము నిలిచియుండునన్నదానికి ఒక వింత ఉదాహరణము గలదు. 1900 నూతన సంవత్సరమునకు విక్టోరియా రాణి దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునందున్న తన సైనికులకు రేకు పెట్టెలలో చాకొలెట్టు పంపినది. అట్టి పెట్టె యొకటి 2021లో ఇంగ్లండులోని నార్ఫోకు ప్రాంతమున ఆక్స్‌బర్గు హాలు అను పాత భవనములో, ఒక శిరస్త్రాణపు పెట్టెలో, చాకొలెట్టుతో సహా దొరికినది. నూట ఇరువది యొక్క ఏండ్ల తరువాతను అది చాకొలెట్టుగనే యున్నది. దానిని ఎవరును తినలేదు, తినుమని మేమును చెప్పము. నిలిచియుండుట వేరు, తినదగియుండుట వేరు.

ఇక తెల్లపొర సంగతి. అత్యధికముగా చాకొలెట్లు పారవేయబడుచున్నది దీనివలననే గనుక కొంత విస్తరించి చెప్పుట అవసరము. బూడిదగుమ్మడికాయ మీది బూడిదను చూచి కాయ కుళ్ళినదని మనమెవ్వరమును అనుకొనము. చాకొలెట్టు మీది తెల్లదనము కూడ సాధారణముగా అట్టిదే. అది రెండు విధములు. మొదటిది కొవ్వు పొర. కోకో వెన్న ఒక విచిత్ర పదార్థము. ఒకే వెన్న ఆరు తీరుల గడ్డకట్టగలదు. చాకొలెట్టు చేయువారు దానిని జాగ్రత్తగా వేడిచేసి, చల్లార్చి, వానిలో ఐదవ తీరున గడ్డకట్టునట్లు చేయుదురు. అప్పుడే పలక నిగనిగలాడును, విరిచిన టక్కున విరుగును, సుమారు 34 డిగ్రీల వేడిమిలో, అనగా మన నోటిలో, హాయిగా కరగును. ఇంటిలో ఎండవేడికి కరగి, రాత్రి చల్లదనమునకు మరల గట్టిపడినప్పుడు ఆ కట్టు చెదరును. కరగిన కొవ్వు సన్నని రంధ్రముల గుండ పైకి వచ్చి, తెల్లని స్ఫటికములుగా పేరుకొనును. 2015లో జర్మనీలోని హాంబర్గునందు శాస్త్రజ్ఞులు ఎక్సు కిరణములతో ఈ కొవ్వు కదలికను చూచి ఈ సంగతిని నిర్ధారించిరి. ఎండ తగులకున్నను, ఏండ్లు గడచిన కొలది ఐదవ తీరు ఆరవ తీరుగా తనంతట తానే మారుచుండును. పాత చాకొలెట్టు వెలిసిపోవుటకు అదియు నొక కారణము.

రెండవది చక్కెర పొర. చాకొలెట్టుపై తేమ చేరినచో పైనున్న చక్కెర కరగును. ఆ తేమ ఆరగనే చక్కెర గరుకైన పలుకులుగా మిగులును. ఈ రెంటిని గుర్తించుటకు ప్రయోగశాల అక్కరలేదు. పొడివ్రేలితో తెల్లపొరను కొంచెము రుద్దుడు. వ్రేలి వేడికి కరగి, జిడ్డుగా మాయమైనచో అది కొవ్వు. గరుకుగా ఉండి, కరగక, తడివ్రేలు తగిలినంతనే కరగినచో అది చక్కెర. రెండింటిలో దేనివలనను హాని లేదు. రుచియు, నునుపును తగ్గుట మాత్రము నిజము. కాని ఆ తెల్లదనము నూగుగానో, దూదివలెనో ఉండి, ఆకుపచ్చగానో, నీలముగానో, నల్లని చుక్కలుగానో కనబడి, ముక్కు దగ్గర పెట్టిన తడిగోడ వాసన కొట్టినచో అది నిజముగా బూజు. దానిని తుడిచి తినుట కూడదు. పొట్లమంతయు పారవేయవలసినదే. బాదము, వేరుశనగ వంటి పప్పులున్న చాకొలెట్టులో బూజు కనబడినప్పుడు మరింత జాగ్రత్త వలయును. పప్పులపై పెరుగు కొన్ని బూజులు విడుచు విషము కాచినను, వేపినను పూర్తిగా పోదు.

మనవారు ఒక్క ఊర నివసించువారు కారు గనుక, దాచుకొను పద్ధతి అందరికిని ఒక్కటిగా ఉండజాలదు. షోలాపురములోను, బళ్లారిలోను ఏప్రిలు, మే నెలలలో వేడిమి 40 డిగ్రీలకు చేరుటయు, దాటుటయు వింత కాదు. అక్కడ బీరువాలోని చాకొలెట్టు పగలు కరగుచు, రాత్రి గట్టిపడుచు, కొన్ని దినములలోనే వెలిసిపోవును. బెంగుళూరు, హోసూరు వారికి ఆ బాధ తక్కువ. చీకటిగా నుండు అలమరలో, గట్టి మూత గల డబ్బాలో ఉంచిన సంవత్సరములో అధికభాగము చాలును. చెన్నపట్టణము, బరంపురము, యానాము వారికి వేడితో పాటు సముద్రపు గాలి తేమ గూడ శత్రువు. ఈ చోట్ల వేసవిలో రిఫ్రిజిరేటరు తప్పదు.

అయితే రిఫ్రిజిరేటరులో పెట్టుటకును ఒక తీరు గలదు. మన యిండ్లలో ఎక్కువగా తప్పుచున్నది అక్కడనే. చాకొలెట్టు వాసనలను చప్పున పట్టును. పులిసిన దోసెపిండి గిన్నె ప్రక్కన, కోసిన ఉల్లిపాయ ప్రక్కన, మూత సరిగా లేని ఇంగువ డబ్బా ప్రక్కన విప్పిన పొట్లమును ఉంచినచో, రెండు దినములలో అది ఏ వంటకమో తెలియకుండ పోవును. దానిని మొదట కాగితముతోనో, రేకుతోనో బాగుగా చుట్టి, పిమ్మట గాలి చొరని డబ్బాలో పెట్టవలెను. బయటికి తీసినప్పుడు వెంటనే మూత తెరవరాదు. డబ్బా అట్లే బల్లపై ఉంచి, గది వేడిమికి వచ్చిన తరువాత తెరచినచో గాలిలోని తేమ డబ్బా పైననే కారును గాని, చాకొలెట్టుపై చేరదు. ఊరగాయ జాడీకి తడి తగులనీయని ఇల్లాండ్రకు ఇది కొత్త పాఠము కాదు.

పాతదనమును అన్ని చాకొలెట్లకును ఒకే కొలతతో కొలువరాదు. పాలు కలియని నల్ల చాకొలెట్టు, మూత తీయక, చల్లగా ఉంచినచో రెండేండ్ల వరకు మంచి స్థితిలో నుండును. అటుపిమ్మట గూడ కొన్ని నెలలు తినుటకు భయము లేదు. పాల చాకొలెట్టుకు ఏడాది. తెల్ల చాకొలెట్టులో కోకో వెన్నయే గాని కోకోపొడి లేనందున కాపాడు పదార్థములు తక్కువ. అందలి పాలకొవ్వు త్వరగా చెడును. పప్పులున్నవి పప్పుల ఆయుర్దాయమును బట్టి నడచును; కొరికినప్పుడు పాత నూనె వాసనయు, గొంతులో మంటయు తగిలినచో ఉమ్మివేయవలసినదే. ఇక లోపల మీగడ, పండ్ల గుజ్జు, మెత్తని పాకము నింపిన చాకొలెట్ల సంగతి పూర్తిగా వేరు. అందు నీరు గలదు. పైన మేము నీరు లేదని చెప్పిన ధైర్యము వానికి వర్తించదు. తాజా మీగడతో చేసినవి వారముల లెక్కలోనివే గాని నెలల లెక్కలోనివి కావు. వానిపై తేదీ దాటినచో, ఎంత అందముగా కనబడినను, గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు పెట్టరాదు. తక్కినవారును తినకుండుటయే మేలు.

మన తమిళనాడు, కర్ణాటక పాఠకులకు ఇంకొక మాట. ఊటీకో, కొడైకెనాలుకో విహారమునకు పోయినవారు అక్కడ ఇంటి చాకొలెట్టు అను పేర అమ్మునది కిలోల కొలది తెచ్చి అందరికిని పంచుట మామూలు. వానిని పలుచోట్ల విడిగా, తూకమున అమ్ముదురు. ఎప్పుడు చేసిరో, ఎందాక తినవచ్చునో ఆ సంచిపై తెలియదు. అందు కొన్నింట కోకో వెన్నకు బదులు చవుకైన వనస్పతి కొవ్వు వాడబడును. అట్టి కొవ్వులలో కొన్ని తేమ తగిలి పాతబడినప్పుడు సబ్బు నాకినట్టి రుచి వచ్చును. 2024 డిసెంబరులో ప్రపంచ విపణిలో కోకో ధర టన్నుకు 12,000 డాలర్లు దాటినది. తరువాత అది దిగినను, ఆ యేడు వెన్న తగ్గించి వేరు కొవ్వు చేర్చు అలవాటుకు మరింత ఊతమిచ్చినది. తేదీ లేని చాకొలెట్టును కొనినవారు కొనిన తేదీని ఒక చీటీపై వ్రాసి సంచిలో వేసిన చాలును. నెల రెండు నెలలలో తిని ముగింపవలెను.

తేదీ అనగానే మరియొక చిక్కు. పొట్లముపై ముద్రించిన తేదీలన్నియు ఒకే మాట చెప్పవు. ఇంగ్లీషులో 'బెస్ట్ బిఫోర్' అనునది తయారు చేసినవాడు రుచికిచ్చు హామీ. ఆ దినము దాటిన మరునాడు పదార్థము విషమగునని దాని అర్థము కాదు. 'యూజ్ బై' అనునది భద్రతకు సంబంధించిన హద్దు. జర్మనీ చాకొలెట్టుపై 'మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్' అని ఉండును. కనీసము ఈ తేదీ వరకు నిలుచును అని దాని భావము. కనీసము అన్న మాటను గమనింపవలెను. ఫ్రెంచి పొట్లముపై 'ద ప్రెఫెరాన్స్ అవాన్' అని యున్నచో ఆ తేదీకి ముందు తినుట మేలని సూచన మాత్రమే. 'జుస్కో' అని యున్నచో అంతవరకే అని హద్దు. యానాములో ఫ్రెంచి చదివిన పెద్దలకు ఈ భేదము మేము చెప్పనక్కరలేదు. తక్కినవారు వారిని అడుగవచ్చును. అమెరికా పొట్లములపై నెల ముందు, దినము తరువాత వ్రాయుదురు. మే 4వ తేదీని ఏప్రిలు 5గా చదివి, తేదీ దాటకయే దాటినదని భ్రమపడువారు గలరు. అంతకంటె చెడుగా, దాటినదానిని దాటలేదని నమ్మువారును గలరు.

మన దేశమున 2020లో చేసిన లేబుళ్ళ నిబంధనలు తయారీ తేదీని, గడువు తేదీని తప్పక ముద్రింపుమని చెప్పుచున్నవి. 'బెస్ట్ బిఫోర్' అను మాటను కావలసినచో అదనముగా వేసికొనవచ్చును. గడువు దాటినదానిని అమ్మరాదు. 2024 నవంబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, ఇంటికి తెచ్చియిచ్చు అంగళ్ళు సరకు అందించునాటికి దాని ఆయువులో 30 శాతమో, లేక గడువునకు 45 దినములో మిగిలియుండునట్లు చూడవలెనని చెప్పినది. ఈ రక్షణలు మంచివే. అయితే ఆ లేబులు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉండిన చాలునని నిబంధన. ఇతర భాషలు కంపెనీ ఇష్టము. అందుచేత తెలుగు మాత్రమే చదువగల అవ్వకు, తాతకు బరంపురములో గాని, బెజవాడలో గాని ఆ పొట్లము సమానముగా మూగదే. ఇంట చదువు వచ్చిన పిల్లలు, చాకొలెట్టు పెట్టె రాగానే దానిపై తేదీని పెద్ద తెలుగక్షరములతో ఒక కాగితముపై వ్రాసి అంటించినచో సగము తగవు తీరును. ఖర్చు లేని పని.

పాతదానిని గూర్చి ఇంతగా భయపడు మనము కొత్తదానిని గూర్చి బొత్తిగా భయపడకుండుట మరియొక పొరపాటు. చాకొలెట్టు వలన నిజముగా జనులు జబ్బుపడిన సందర్భములు చూచినచో, అవి పాత చాకొలెట్టు వలన వచ్చినవి కావు. 2006లో ఇంగ్లండులో కాడ్‌బరీ కర్మాగారమునందు కారుచున్న గొట్టము వలన సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి సరకులో చేరి, పది లక్షలకు పైగా చాకొలెట్లను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. 2022లో బెల్జియములోని ఆర్లోన్ పట్టణమున ఫెర్రేరో కర్మాగారము నుండి వెలువడిన కిండరు చాకొలెట్ల వలన ఐరోపాలో పెక్కుమంది జబ్బుపడిరి. వారిలో అత్యధికులు పదేండ్లు, అంతకు లోబడిన పిల్లలు. అవి కొత్త సరకులే. తేదీకి ఏ లోపమును లేదు. సాల్మొనెల్లా చాకొలెట్టులో పెరుగదు గాని, చావదు. కొవ్వు దానిని కప్పి కాపాడుటచే నెలల తరబడి బ్రతికియుండును, కొద్ది సంఖ్యలోనున్నను జబ్బు చేయగలదు. కంటికి కనబడదు, వాసనకు అందదు. దీనికి ఇంటి పరీక్ష ఏదియు లేదు. ఏదైన చాకొలెట్టును కంపెనీ వెనుకకు తీసికొనుచున్నదని వార్త వచ్చినప్పుడు, పొట్లముపై గుంపు సంఖ్యను చూచి, సరిపోయినచో మారు మాట లేక పారవేయుటయే దానికి మందు.

పురుగుల సంగతి మన వారికి బాగుగ తెలిసినదే. 2003 అక్టోబరులో ముంబయిలో కాడ్‌బరీ చాకొలెట్లలో పురుగులు కనబడినవని మహారాష్ట్ర ప్రభుత్వ శాఖ ప్రకటించినప్పుడు ఎంత అలజడి కలిగినదో షోలాపురము, ముంబయి పాఠకులు మరచియుండరు. ఆ మీదటనే 2004లో ఆ కంపెనీ పొట్లమును మార్చి, అంచులు గట్టిగా అతికిన రేకు చుట్టుటకు మొదలిడినది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదున ఒక మెట్రో స్టేషను దుకాణములో కొనిన చాకొలెట్టులో పురుగు కనబడగా, తెలంగాణ ప్రభుత్వ ఆహార ప్రయోగశాల దానిని తినుటకు సురక్షితము కాదని తేల్చినది. ఇవి గోదాముల లోపము, దుకాణముల లోపము, పొట్లము లోపము. సన్నని చిల్లి, సాలెపట్టు వంటి దారములు, ఇసుకవంటి రెట్ట కనబడినచో తేదీని చూడనక్కరలేదు.

'ఇంత విచారణ ఎందుకు? అనుమానము కలిగిన చాకొలెట్టు పారవేసిన తీరిపోవును గదా' అని కొందరు యువకులు మాతో వాదించిరి. వారి మాట సులభమైనదే. మాకు అది రుచింపలేదు. మన దేశమున కోకో పంటకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యస్థానము. ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతములలో కొబ్బరి, పామాయిలు తోటల నీడలో అది పండుచున్నది. కాయ కోసి, పగులగొట్టి, గింజలను కొన్ని దినములు పులియబెట్టి, ఎండబెట్టి, బస్తాకెత్తువరకు రైతు పడు శ్రమ తక్కువ కాదు. చెట్టు ఏడాదికి ఇచ్చు ఎండు గింజలు కొద్ది కిలోలకు మించవు. వెలిసిన రంగును చూచి నిక్షేపమైన పలకను చెత్తబుట్టలో వేయుట, బూడిద ఉన్నదని గుమ్మడికాయను పారవేయుట వంటిదే. తెల్లపొర కట్టిన పలకను సన్నగా తరిగి, వేడిపాలలో కరగించి త్రాగవచ్చును; కేకులో కలుపవచ్చును. కరగిన పిమ్మట ఆ పొర జాడ ఉండదు.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన సంగతికి వచ్చెదము. మనము తినమని నిశ్చయించుకొనిన చాకొలెట్టును పనిమనిషి పిల్లలకు, వాచ్‌మనుకు, వీధి పిల్లలకు ఇచ్చుట మన యిండ్లలో దానముగా చెలామణి అగుచున్నది. మేము దీనిని గట్టిగా ఖండించుచున్నాము. ఆ చాకొలెట్టు తినదగినది అయినచో ఇంట తినుటకు అభ్యంతరమేమి? తినదగనిది అయినచో మరియొకరి పిల్లకు పెట్టుటకు అధికారమెక్కడిది? ఇచ్చువారికి ఉద్దేశము చెడ్డది కాదని మేమెరుగుదుము. పారవేయుటకు మనసు రాకపోవుటయే కారణము. కాని పుచ్చుకొను తల్లి 'దీనికి తేదీ దాటినదా అమ్మగారూ' అని అడుగగల స్థితిలో లేదు. రంగు వెలిసిన పలకను ఆమె పిల్లవాడు సంతోషముగా తినును. ఆ రాత్రి వానికి కడుపునొప్పి వచ్చినచో ఆసుపత్రి ఖర్చు ఆమెదే, కూలి పోవుట ఆమెకే. ఇచ్చుటకు ముందు ఆ పెట్టెలోనిదే ఒక ముక్క విరిచి, ఆమె ఎదుట తాము తిని, రంగు ఏల మారినదో చెప్పి ఇచ్చినచో మాకు ఆక్షేపణ లేదు. లేనిచో కొత్త పొట్లము కొని యివ్వవలెను, చిన్నదైనను చాలును.

ఈ న్యాయమే మన సంఘమునకును వర్తించును. తెలుగు తరగతుల పిల్లలకు ఉగాదినాడును, బహుమతుల నాడును పంచుటకై సభ్యులు తమ యిండ్లనుండి చాకొలెట్లు తెచ్చియిచ్చుట ఆచారముగా వచ్చుచున్నది. వారి వాత్సల్యమునకు మేము కృతజ్ఞులము. అయితే ఏ పెట్టె ఎవరి బీరువాలో ఎన్ని వేసవులు గడిపినదో పంచువారికి తెలియదు, పిల్లల తల్లిదండ్రులకు అంతకంటె తెలియదు. ఇంటిలో మనము మన ముక్కుతో, నాలుకతో పరీక్షించి తినుట వేరు. నూరుమంది పిల్లల చేతులలో పెట్టుట వేరు. అందుచేత రాబోవు ఉగాది నుండి సంఘము మూత విప్పని పొట్లములను, గడువు తేదీ స్పష్టముగా కనబడి, ఇంకను రెండు నెలలైనను మిగిలియున్నవానిని మాత్రమే తీసికొనవలెనని కార్యవర్గమునకు మా సూచన. మీగడ నింపినవి, విడిగా తూచి తెచ్చినవి వలదు. వేరుశనగ, బాదము పడని పిల్లలుందురు గనుక పప్పులున్న పొట్లములను వేరుగా ఉంచి, తల్లిదండ్రులను అడిగి ఇవ్వవలెను. విదేశపు లేబులు చదువుటకు తెలియకున్నచో, తెచ్చినవారే తేదీని తెలుగులో వ్రాసి సంతకము చేయవలెను. ఎండలో సభ జరుగు షోలాపురము, బళ్లారి వంటి చోట్ల చాకొలెట్టు మాని వేరుశనగ చిక్కీయో, బెల్లపు నువ్వుల ఉండయో ఆ వారమే చేయించి పంచుట సుఖము. అయితే వేరుశనగ పడని పిల్లలను గూర్చి పైన చెప్పినది, నువ్వులు పడని పిల్లలతో సహా, అక్కడను గుర్తుంచుకొనవలెను.

ఇంటి నుండి విప్పిన పెట్టెతో ఎంతో ప్రేమగా వచ్చిన పెద్దలకు, వారి మనసు నొవ్వకుండ, దానిని తిరిగి తీసికొనిపొమ్మని చెప్పు పని కార్యదర్శిగారి పైన పడును. ఆ పనికి తగిన ఓర్పు వారికి గలదని మా నమ్మకము.